టీచరు గారి ష్యూరిటీ సంతకం: ఒక కేసు, మొదటి నుంచి చివరి దాకా

2023 జనవరిలో ఒక సాయంత్రం ఆవిడ మా ఆఫీసుకు వచ్చినప్పుడు చేతిలో కోర్టు నోటీసు లేదు, రిజిస్టర్డ్ పోస్టు కవరూ లేదు. ఉన్నది సిబిల్ రిపోర్టు, అంటే ఒక మనిషి అప్పుల చరిత్ర చూపించే కాగితం. కూతురి పై చదువుకు లోను పెట్టారు. తల్లి సహ దరఖాస్తుదారు కాబట్టి బ్యాంకు వాళ్ళు ఆమె సిబిల్ కూడా తీశారు. అందులో ఆవిడ ఎన్నడూ తీసుకోని అప్పు ఒకటి బకాయిల్లో కనిపించింది. ఫైలు వెనక్కి పంపేశారు.

"నేను అప్పు చేయలేదు సార్. ఎవరిదో తెచ్చి నా పేరు మీద ఎక్కించారు" అన్నారు.

ఆ ఖాతా వివరాల్లో 'గ్యారంటర్' అని చిన్న అక్షరాల్లో ఉంది. అది చూపించాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మా పిన్ని కొడుకుది" అన్నారు.

నేను తెనాలిలో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. ష్యూరిటీ సంతకాల గొడవలు మా ఆఫీసుకు నెలకొకటైనా వస్తాయి. ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం ఉంది. హామీదారు మీద పడే బరువు గురించి అందరూ చెబుతారు. హామీదారుకు చట్టం ఇచ్చిన హక్కుల గురించి మాత్రం బ్యాంకు చెప్పదు, అప్పు తీసుకున్నవాడికి తెలియదు, చాలాసార్లు హామీదారు తరఫు లాయరు కూడా సమయానికి అడగడు. ఈ కేసులో అడిగాం. అన్నీ దొరకలేదు. దొరికినవి ఎలా దొరికాయో, దొరకనివి ఎందుకు దొరకలేదో చెబుతాను. ఆవిడ అనుమతి తీసుకుని, ఊరు, పేర్లు, బ్యాంకు, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

సంతకం పెట్టిన రోజు

ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. మా ఆఫీసుకు వచ్చేనాటికి రిటైర్మెంటుకు నాలుగేళ్ళుంది. తమ్ముడు వరసయ్యే ఆ అబ్బాయి ఎరువులు, పురుగుమందుల షాపు పెట్టాడు. 2017 జూన్‌లో దానికి 8 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ తీసుకున్నాడు. క్యాష్ క్రెడిట్ అంటే వాయిదాల్లో తీర్చే అప్పు కాదు. లిమిట్ దాకా వాడుకోవచ్చు, అమ్మకాల డబ్బు వేస్తూ మళ్ళీ తీసుకోవచ్చు. షాపులోని సరుకు హైపోథికేషన్‌లో పెట్టాడు, అంటే సరుకు తన చేతిలోనే ఉంటుంది, దాని మీద తాకట్టు హక్కు బ్యాంకుకు ఉంటుంది. తన పేరున ఉన్న అయిదు సెంట్ల ఇంటి స్థలం దస్తావేజులు బ్యాంకులో డిపాజిట్ చేశాడు. బ్యాంకు వాల్యుయేషన్‌లో ఆ స్థలం 5 లక్షలే పలికింది. అది చాలదని ఇద్దరు జీతగాళ్ళ హామీ అడిగారు. ఒకరు ఈవిడ. రెండోవారు ఆ అబ్బాయి స్నేహితుడు, ఆర్టీసీ డ్రైవరు.

"అక్కా, ఒక్క సంతకమే. లోను నాది, కట్టేది నేను. స్థలం కూడా పెట్టాను. నీ దాకా రాదు" అన్నాడట. బ్రాంచిలో పావుగంట కూడా పట్టలేదు. ఇంగ్లీషులో అచ్చేసిన ఫారం, పెన్సిల్ టిక్కులు పెట్టిన చోట సంతకాలు. కాపీ ఇవ్వలేదు. ఆవిడా అడగలేదు.

నేను మొట్టమొదట చేసిన పని ఆ కాపీ అడగడం. హామీదారు హోదాలో గ్యారంటీ డీడ్ నకలు, ఖాతా తెరిచిన రోజు నుంచి స్టేట్‌మెంటు, శాంక్షన్ లెటర్లు అన్నీ కావాలని బ్రాంచికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించాను. మూడు వారాలు తిప్పారు, చివరికి ఇచ్చారు. ఈ కేసులో మాకు పనికొచ్చిన ప్రతి అక్షరం ఆ కాగితాల్లోంచే వచ్చింది. హామీదారు నా దగ్గరికి రాగానే జాలి కబుర్లకంటే ముందు ఈ దరఖాస్తు రాయిస్తాను.

ఆవిడ భయాలు

భయాలు నాలుగు. జీతం మొత్తం ఆపేస్తారా, పెన్షన్ పోతుందా, ఇల్లు వేలం వేస్తారా, అరెస్టు చేస్తారా. నిద్ర పట్టని టెన్షన్‌లో ఉన్న మనిషికి సెక్షన్లు ఎక్కవు. లెక్క చెబితే ఎక్కుతుంది.

కోర్టు డిక్రీ, అంటే బాకీ కట్టమనే తీర్పు, లేకుండా మీ జీతం అటాచ్ (జప్తు) చేయించడం ఏ బ్యాంకుకూ కుదరదు. డిక్రీ వచ్చినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మినహాయింపు ఉన్న భత్యాలు తీసేశాక ఆవిడ జీతం నెలకు 61,000. వెయ్యి తీసేస్తే 60,000. అందులో 40,000 భద్రం. అటాచ్ అయ్యేది 20,000. అదీ ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి కుదరదు. అంటే ఎంత లాగినా జీతం నుంచి వాళ్ళకు వచ్చేది 4,80,000. ఈ అంకె కాగితం మీద రాసి ఇచ్చాను. అది మడిచి పర్సులో పెట్టుకున్నారు.

పెన్షన్, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ ఇవేవీ అటాచ్ కావు. రిటైరయ్యాక వచ్చిన ఆ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకున్నా ఆ రక్షణ పోదని రాధేశ్యామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు ఆవిడ బ్యాంకుకు తాకట్టు పెట్టలేదు కాబట్టి సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్ళకుండానే స్వాధీనం చేసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసిచ్చి స్వాధీనం చేసుకునే దారి ఆ ఇంటి మీద పనిచేయదు. డిక్రీ వస్తే మాత్రం కోర్టు ద్వారా అటాచ్ చేయించవచ్చు. ఆ ప్రమాదం ఉందని దాచకుండా చెప్పాను. ఇక అరెస్టు: డబ్బు డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయమని కోర్టు ఆదేశించకూడదని అదే కోడ్‌లోని 56వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. డ్రైవరు గారికి ఆ రక్షణ లేదు. అయితే 1980లో జాలీ జార్జ్ వర్గీస్ తీర్పు తర్వాత కేవలం కట్టలేకపోయినందుకు జైలు లేదు. స్తోమత ఉండి కూడా ఎగ్గొడుతున్నాడని చూపించాలి.

ఇది విన్నాక ఆవిడ అడిగిన ప్రశ్న ప్రతి హామీదారూ అడిగేదే. "ముందు వాడి స్థలం అమ్ముకోవాలి కదా సార్? అది చాలకపోతేనే కదా నా దగ్గరికి రావాలి?"

రావచ్చు. ముందే రావచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. మొదట వాడి దగ్గర వసూలు చేయి, తర్వాత నా దగ్గరికి రా అనే హక్కు హామీదారుకు లేదని బ్యాంక్ ఆఫ్ బీహార్ వర్సెస్ దామోదర్ ప్రసాద్ కేసులో 1969లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు అలా ఆగి కూర్చోవాలంటే ఇక హామీకి విలువేముంది అన్నది ఆ తీర్పు సారం. స్థలం వేలం వేయడం బ్యాంకుకు నెలల తరబడి పని. నెలనెలా జీతం పడే మనిషి ఎదురుగా ఉన్నాడు. ఎవరి మీదికి వస్తారో వేరే చెప్పాలా? ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చట్టం ఇలా ఉంటుందని సంతకం రోజే ఎవరైనా ఒక్కమాట చెప్పి ఉంటే ఈ కేసే ఉండేది కాదు.

మార్చిలో బ్యాంకు లాయరు నోటీసు వచ్చింది. 13,62,000 కట్టమని ముగ్గురికీ కలిపి. ఏప్రిల్ మొదటి తారీఖున ఆవిడ ఏటీఎం దగ్గర నుంచి ఫోన్ చేశారు. జీతం పడింది, తీయడానికి రావడం లేదు. జీతం ఖాతా కూడా అదే బ్రాంచిలో ఉండటంతో మొత్తం హోల్డ్‌లో పెట్టారు. తన దగ్గరున్న ఖాతాదారు డబ్బును అతని బాకీకి సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంది, దాన్ని పూర్తిగా కాదనలేం. మేం రాసింది ఒకటే: డిక్రీ చేతిలో పెట్టుకున్న కోర్టు కూడా ముట్టుకోలేని జీతం భాగాన్ని డిక్రీ లేకుండా మీరు ఎలా ఆపుతారు? కాపీ రీజనల్ ఆఫీసుకు, నోడల్ ఆఫీసరుకు పంపాం. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్తామని కూడా రాశాం. తొమ్మిదో రోజు హోల్డ్ తీసేశారు. ఆ నెలలోనే ఆవిడ జీతం ఖాతా వేరే బ్యాంకుకు మార్చుకున్నారు. మీరు హామీ ఉన్న అప్పు ఏ బ్రాంచిలో ఉందో అదే బ్రాంచిలో మీ జీతం, మీ డిపాజిట్లు ఉంచుకోవడం మంచిది కాదని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

స్టేట్‌మెంటులో దొరికింది

బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంటు 60 పేజీలు దాటింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. 2020 ఆగస్టులో ఒక ఎంట్రీ దగ్గర ఆగాను. లిమిట్ 8 లక్షల నుంచి 12 లక్షలకు పెంచారు. కొత్త పత్రాల మీద తమ్ముడు సంతకం ఉంది, డ్రైవరు గారి సంతకం ఉంది. టీచరు గారిది లేదు. ఆవిడకు ఆ సంగతే తెలియదు. కరోనా రోజులు, స్కూళ్ళు లేవు, ఆవిడ కూతురి దగ్గర హైదరాబాదులో ఉన్నారు. ఆవిడ వచ్చేదాకా ఆగకుండా పని కానిచ్చేశారు.

కాంట్రాక్టు చట్టం 133వ సెక్షన్: హామీదారు సమ్మతి లేకుండా అసలు ఒప్పందం షరతులు మారిస్తే, ఆ మార్పు తర్వాత జరిగిన లావాదేవీలకు హామీదారు బాధ్యత ఉండదు. పెంచిన రోజు బ్యాలెన్సు 7,42,000. అంటే ఆ తర్వాత పెరిగిన అప్పు ఆవిడది కాదు.

ఇక్కడితో ఆగితే 7,42,000, దాని మీద వడ్డీ మిగులుతుంది. కానీ ఇది క్యాష్ క్రెడిట్ ఖాతా. ఆ తేదీ తర్వాత షాపు అమ్మకాల డబ్బు 31 లక్షలకు పైగా అందులో జమ అయింది. ఫలానా బాకీకి అని ఎవరూ చెప్పకుండా జమ చేసిన డబ్బు పాత బాకీలకు వరసగా పోతుందని 61వ సెక్షన్ చెబుతుంది. అలా లెక్క వేస్తే ఆవిడ హామీ ఉన్న 7,42,000 ఎప్పుడో తీరిపోయింది. ఖాతాలో ఇప్పుడు మిగిలింది అంతా పెంపు తర్వాతి అప్పు. దాంతో ఆవిడకు సంబంధం లేదు.

ఈ వాదన రాసేటప్పుడు నాకు నిజంగా ఉత్సాహం వచ్చింది. డీడ్ 9వ పేరా చదివాక తగ్గింది. అచ్చు ఫారంలో ఇలా ఉంది: లిమిట్ మార్చినా, గడువిచ్చినా, సెక్యూరిటీ వదిలేసినా నాకు అభ్యంతరం లేదు. కాంట్రాక్టు చట్టం 133, 134, 135, 139, 141 సెక్షన్ల కింద నాకున్న హక్కులు వదులుకుంటున్నాను. చివరికి తేలిన బ్యాలెన్సుకు నాదే పూచీ. దాదాపు ప్రతి బ్యాంకు ఫారంలోనూ ఈ పేరా ఏదో ఒక రూపంలో ఉంటుంది. ఈ హక్కులు ఒప్పందం ద్వారా వదులుకోవచ్చని కోర్టులు ఒప్పుకున్నాయి కూడా. చదవకుండా సంతకం పెట్టానంటే, అందులోనూ టీచరు అంటే, జడ్జి గారు నమ్మరు.

మరి ఎలా నిలబడ్డాం? అదే డీడ్‌లో ఇంకో చోట, హామీ 8 లక్షలు, దాని మీద వడ్డీ, ఖర్చులకు మించదని చేతిరాతతో నింపారు. రెండోది మేం అనుకోనిది. 2020 జనవరిలో బ్రాంచి వాళ్ళు పిలిచి ఆవిడ చేత ఒక బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటరు మీద సంతకం పెట్టించుకున్నారు. అప్పు కాలదోషం పట్టకుండా బ్యాంకులు తరచూ తీసుకునే కాగితం అది. సాధారణంగా హామీదారుకు నష్టం చేసే కాగితం. ఇక్కడ మాత్రం అందులో 'లిమిట్ 8,00,000, బ్యాలెన్సు 7,15,000' అని రాసి ఉంది. పెంపుకు ఏడు నెలల ముందు ఏ అప్పుకు ఆవిడ హామీ ఉన్నారో బ్యాంకే తన కాగితం మీద రాసుకుంది. పైగా ఆవిడ సమ్మతి అక్కర్లేదనుకుంటే పెంపు రోజు డ్రైవరు గారి చేత కొత్త సంతకం ఎందుకు పెట్టించారు? ఈ ప్రశ్నకు బ్యాంకు దగ్గర జవాబు లేదు.

ఇంకో వాదన కూడా వేశాం, బలహీనమని తెలిసే వేశాం. హైపోథికేషన్‌లో ఉన్న సరుకు మాయమైంది. ఖరీఫ్ పంట చేతికొస్తే గానీ రైతు అరువు తీర్చడు. రెండు సీజన్లు దెబ్బతినేసరికి షాపులో సరుకు తగ్గుతూ, అరువు పుస్తకం లావవుతూ వచ్చింది. నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు తీసుకుని, షాపుకెళ్ళి చూసుకోవలసిన బ్యాంకు ఏడాదిన్నర అటు పోలేదు. హామీదారు సమ్మతి లేకుండా బ్యాంకు సెక్యూరిటీని పోగొడితే దాని విలువ మేరకు హామీదారు బయటపడతాడని 141వ సెక్షన్. గోదాములో తాకట్టు ఉన్న సరుకు బ్యాంకు నిర్లక్ష్యం వల్ల తగ్గిపోతే ఆ మేరకు హామీదారును వదిలిపెట్టిన సుప్రీంకోర్టు తీర్పు 1968లో అమృత్‌లాల్ గోవర్ధన్ లాలన్ కేసులో ఉంది. కానీ అక్కడ సరుకు బ్యాంకు అధీనంలో ఉంది. ఇక్కడ షాపతని చేతిలోనే ఉంది. తేడా పెద్దదే. 9వ పేరా ఎలాగూ ఉంది. అయినా ఇన్స్‌పెక్షన్ రిపోర్టులు కోర్టుకు తెమ్మని అడిగాక బ్యాంకు తరఫు మాట తీరు మారింది.

బ్యాంకు 2023లోనే దావా వేసింది. 20 లక్షల లోపు కాబట్టి రుణ వసూలు ట్రిబ్యునల్‌కు కాదు, మామూలు సివిల్ కోర్టుకు.

రాజీ ఎందుకు

గెలిచే అవకాశం ఎంత అని ఆవిడ అడిగారు. సగం సగం అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. 9వ పేరా ఏ జడ్జి గారు ఎలా చదువుతారో ముందే చెప్పలేం. అప్పీళ్ళు వెళ్తే ఆరేడేళ్ళు పట్టొచ్చు. ఈలోగా వడ్డీ నడుస్తుంది, సిబిల్‌లో మచ్చ అలాగే ఉంటుంది. ఆవిడకు కావలసింది తీర్పు కాదు, రిటైరయ్యేలోగా ఈ గొడవ నుంచి బయటపడటం.

2024 డిసెంబరు జాతీయ లోక్ అదాలత్‌లో 9 లక్షలకు తేలింది. మూడు నెలల్లో కట్టాలి. టీచరు గారు 6,50,000, డ్రైవరు గారు 2,50,000. సమానంగా పంచుకోవలసింది కానీ ఆయన దగ్గర అంతే ఉంది. ఆయన మొదట్లో మా మీద చాలా కోపంగా ఉండేవారు. "ఆవిడ జీతం పెద్దది, ఆవిడే కట్టుకోవాలి" అనేవారు. పాపం, ఆయన కూడా స్నేహితుడి మాట కాదనలేక పెట్టిన సంతకమే.

అసలు పోరాటం అంకె మీద జరగలేదు. దస్తావేజుల మీద జరిగింది.

హామీదారు బాకీ కట్టిన మరుక్షణం బ్యాంకు స్థానంలోకి వస్తాడు. రుణగ్రహీత మీద బ్యాంకుకు ఉన్న హక్కులన్నీ అతనివవుతాయి. ఇది 140వ సెక్షన్. ఆ అప్పుకు హామీ ఇచ్చిన నాటికి బ్యాంకు దగ్గరున్న సెక్యూరిటీల ఫలం అతనికి దక్కాలి, వాటి సంగతి అతనికి ముందు తెలిసినా తెలియకపోయినా. ఇది 141. 9వ పేరాలో 141 వదులుకున్నట్టు ఉన్నా 140 జోలికి పోలేదు. మా పట్టు దాని మీదే.

బ్రాంచి మేనేజరు గారు మంచి మనిషే. కానీ, "లోను క్లోజైతే డాక్యుమెంట్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకే ఇస్తాం మేడమ్. ముప్ఫై రోజుల్లో ఇవ్వకపోతే రోజుకు 5,000 మేమే కట్టాలి" అన్నారు. ఆయన చెబుతున్నది 2023 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. అది అప్పు తీర్చిన రుణగ్రహీతను కాపాడటానికి వచ్చింది. ఇక్కడ రుణగ్రహీత ఒక్క రూపాయి తీర్చడం లేదు. డబ్బు కట్టేది అక్క, దస్తావేజులు పట్టుకెళ్ళేది తమ్ముడు అయితే, ఆవిడకు మిగిలేది ఖాళీ చేతులు. ఇలా దస్తావేజులు రుణగ్రహీత చేతికి వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చిన హామీదారులు ముగ్గురున్నారు. వాళ్ళలో ఇద్దరి కేసుల్లో ఆ స్థలం అప్పటికే అమ్ముడుపోయింది.

అందుకే డబ్బు కట్టకముందే బ్యాంకుకు లేఖ రాశాం: మేం కట్టేది హామీదారులుగా, 140వ సెక్షన్ హక్కులతో కడుతున్నాం, దస్తావేజులు మా సమ్మతి లేకుండా ఎవరికీ ఇవ్వొద్దు. రశీదులో కూడా 'హామీదారు నుంచి' అని రాయించాం. ఈ రెండు మాటలు లేకపోతే తర్వాత ఆ డబ్బు రుణగ్రహీతే సర్దాడని, అక్క చేతి మీదుగా కట్టించాడని వాదించే వీలుంటుంది.

బ్యాంకు లీగల్ విభాగం ఒప్పుకోవడానికి తమ్ముడి సమ్మతి అడిగింది. లోక్ అదాలత్ రోజు అతను వచ్చాడు. రెండేళ్ళుగా అక్క ఎదుట పడని మనిషి. బెంచి ముందు తల దించుకుని నిలబడి, "అక్క చెప్పినచోట సంతకం పెడతాను సార్" అన్నాడు. ఆవిడ మొహం తిప్పుకున్నారు. అవార్డులో ఇలా రాయించాం: 9 లక్షలు అందాక దస్తావేజులు టీచరు గారి చేతికి. హామీదారులకు తీర్చడం కోసం తప్ప రుణగ్రహీత ఆ స్థలం అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బ్యాంకు తాకట్టు రద్దు పత్రం, అమ్మకం పత్రం ఒకే రోజు రిజిస్టరు కావాలి. ఈ చివరి షరతు చిన్నదిలా కనిపిస్తుంది. రద్దు ముందే జరిగిపోతే ఈసీ (ఆస్తి మీద తాకట్టులు చూపించే సర్టిఫికెట్) శుభ్రంగా కనిపిస్తుంది, ఎవరికైనా అమ్మేయొచ్చు. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మాట తప్పితే నేరుగా అమలుకు వెళ్ళొచ్చు.

ఒకటి మాత్రం దక్కలేదు. వడ్డీ కొంత వదులుకున్నారు కాబట్టి బ్యాంకు ఖాతాను 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని సిబిల్‌కు పంపింది. అప్పు చేయని మనిషి రిపోర్టులో ఆ మాట ఇప్పటికీ ఉంది. తప్పుగా నమోదైతే క్రెడిట్ సంస్థ 30 రోజుల్లో సరిచేయాలి, లేకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. కానీ ఇది తప్పు కాదు, నిజంగానే రాజీ. కూతురి లోను అప్పటికే ఒక దారిన పడింది. తల్లి స్థానంలో తండ్రి సహ దరఖాస్తుదారుగా ఇంకో బ్యాంకులో మంజూరైంది.

ఇక్కడ ఒక మాట. ఆ తండ్రి ఇప్పుడు హామీదారు కాదు, సహ రుణగ్రహీత. సంతకం ఒకేలా ఉంటుంది కానీ సహ రుణగ్రహీతకు అది సొంత అప్పు. పైన చెప్పిన 133, 140, 141 లాంటి రక్షణలు అతని కోసం రాసినవి కావు. కాగితం మీద మీ పేరు పక్కన ఏ మాట ఉందో చూసుకోమని ఆయనకూ చెప్పాను. కూతురి చదువు కాబట్టి ఆయన సంతోషంగానే పెట్టారు.

వ్యాపార లిమిట్లకు హామీ ఉన్నవాళ్ళకు ఇంకో తలుపు ఉంది. నడుస్తున్న ఖాతాకు ఇచ్చిన హామీని, ఇకమీదట జరగబోయే లావాదేవీల వరకు, నోటీసిచ్చి వెనక్కి తీసుకోవచ్చు. అది 130వ సెక్షన్. అప్పటి దాకా ఉన్న బాకీ మీ మీదే ఉంటుంది, ఆపైన పెరిగేది ఉండదు. డీడ్‌లో దీనికి ఎన్నాళ్ళ నోటీసు అన్నారో, అసలు వీలుందో లేదో చూసుకోవాలి. రేపల్లె నుంచి వచ్చే ఒక క్లయింటు స్నేహితుడి షాపు నడత నచ్చక ఇలా రిజిస్టర్డ్ పోస్టు పంపి బయటపడ్డారు. టీచరు గారు వచ్చేసరికి ఖాతా మొండిబాకీ అయి నాలుగు నెలలైంది. ఆ తలుపు మూసుకుపోయింది. ఏడాదికొకసారి సిబిల్ రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. 2021లో ఒకసారి తీసి చూసుకుని ఉంటే పెరిగిన లిమిట్ అప్పుడే కనబడేది.

స్థలం, లెక్క

2025 మార్చిలో ఆఖరి వాయిదా కట్టారు. ఆగస్టులో స్థలం 7,60,000కు అమ్ముడైంది. వేలంలో అయితే అంత రాదు. మధ్యవర్తి తెచ్చిన బేరం, అవతలివాళ్ళు పక్క స్థలం వాళ్ళే.

డబ్బు చేతికి వచ్చాక పంపకం దగ్గర మళ్ళీ మాటా మాటా వచ్చింది. కట్టిన నిష్పత్తిలో పంచాలని డ్రైవరు గారు, ఎక్కువ కట్టినవాళ్ళకు ముందు తీరాలని టీచరు గారి భర్త. సహ హామీదారులు నష్టాన్ని సమానంగా మోయాలి, అది 146. వేరు వేరు మొత్తాలకు హామీ ఉన్నా తమ పరిమితి దాటనంతవరకు సమానమే, అది 147. ఆవిడ పరిమితి 8 లక్షలు, ఆయనది 12 లక్షలు, ఇద్దరూ పరిమితి లోపలే ఉన్నారు. కాబట్టి ఇలా లెక్క వేశాం. కట్టింది 9,00,000. స్థలం మీద వచ్చింది 7,60,000. మిగిలిన నష్టం 1,40,000, ఒక్కొక్కరికి 70,000. టీచరు గారికి 5,80,000, డ్రైవరు గారికి 1,80,000. ఆయన కాగితం రెండుసార్లు కూడి చూసుకుని, సరేనన్నారు. ఆ రోజు తర్వాత ఆవిడను 'అమ్మా' అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ 70,000 చొప్పున ఇద్దరికీ తమ్ముడు బాకీ ఉన్నాడు. హామీదారు న్యాయంగా కట్టినదంతా రుణగ్రహీత తిరిగి ఇవ్వాలని 145వ సెక్షన్. దావా వేయాలంటే కట్టిన తేదీ నుంచి మూడేళ్ళు. రిజిస్ట్రేషన్ రోజే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టుకింద ఇద్దరికీ చెరొక ప్రోనోటు రాయించాను. ఆవిడ వద్దన్నారు. "వాడి దగ్గర ఏముంది సార్, ఇప్పుడు వేరే షాపులో జీతానికి ఉన్నాడు. పిల్లలున్నారు." డబ్బు అడగాలా వద్దా అనేది మీ ఇష్టమమ్మా, కాగితం మాత్రం ఉండనివ్వండి అన్నాను. తమ్ముడే రెవెన్యూ స్టాంపు తెచ్చి అంటించాడు.

ఆ ప్రోనోట్ల గడువు 2028 ఆగస్టు. ఇద్దరి పేర్లూ మా ఆఫీసు డైరీలో జూన్ పేజీలో రాసి పెట్టాను, రెండు నెలలు ముందుగా.